ఎర్ర పిల్లలు నల్లబడేదాకా

అనగనగా, తొలకరి కోసం నోరు తెరుచుకుని చూసే ఒక అడవిలో, తుంగ దట్టంగా పెరిగిన మడుగు ఒకటి ఉండేది. ఆ మడుగు ఒడ్డున చుక్కి అనే బావురుపిల్లి తన తల్లితో ఉండేది. బావురుపిల్లి అంటే పాలగిన్నె కోసం వంటింట్లో తిరిగే పిల్లి కాదర్రా. నీళ్ళలో దిగి చేపలు పట్టే అడవిపిల్లి. ఒంటినిండా చుక్కలు, పొట్టి తోక, బోలెడంత పొగరు.

చుక్కి తల్లికి కాలు విరిగింది. వేటకు వెళ్ళే శక్తి లేదు. కిందటి వేసవిలో మడుగు ఎండిపోతే తల్లీబిడ్డలిద్దరూ ఎన్నో పూటలు పస్తులున్నారు.

ఆ మడుగులోకి వాగు దూకే చోట ఒక నల్లరాయి ఉంది. చేపలు ఆ రాయి పక్క నుంచే ఎదురెక్కుతాయి. అక్కడ కూర్చున్నవాళ్ళకి పంజా చాపితే చేప. అందుకే దాన్ని వేటరాయి అనేవాళ్ళు. ఏటా తొలకరి వరద వచ్చాక ఒక పందెం జరిగేది. పొద్దు నడినెత్తికి వచ్చేలోగా అందరికంటే పెద్ద చేప తెచ్చినవాళ్ళకే ఏడాది పొడుగునా ఆ రాయి. తీర్పు చెప్పేది తాబేలు తాత.

"అమ్మా, ఈసారి రాయి మనదే! ఇక నీకు ఒక్క పూట కూడా పస్తు ఉండదు" అంది చుక్కి.

"ముందు పట్టుకురావే, కోతలు తర్వాత కొయ్యొచ్చు" అంది తల్లి. అంది గానీ, ఆశగానే చూసింది పాపం.

పందెం రోజు వచ్చింది. తెల్లారగానే చుక్కి నీళ్ళలో దిగింది. మొదట ఒక పరిగె దొరికింది. వేలెడంత కూడా లేదు. ఛీ అని వదిలేసింది. తర్వాత ఒక జెల్ల దొరికింది. అది ముల్లుతో చురుక్కుమని పొడిచి జారిపోయింది. మూడోసారి తుంగలోకి వెళ్ళింది. అక్కడ నీళ్ళమీద కుంకుమ చల్లినట్టు ఎర్రగా ఏదో కదులుతోంది.

దగ్గరికి వెళ్ళి చూసింది. చేపపిల్లలు! వేలకు వేలు, అన్నీ ఎర్రెర్రగా. వాటి కిందే ఒక కొర్రమీను ఉంది. మూరెడు పొడుగుంది. అంత చేపను ఆ మడుగులో చుక్కి ఎప్పుడూ చూడలేదు.

చుక్కి పంజా ఎత్తింది. చేప పారిపోలేదు. పారిపోకపోగా ఎదురొచ్చి పంజాని కసుక్కున కరిచింది!

"పో అవతలికి! ఇటు రాకు!" అంది కొర్రమీను.

చుక్కికి నవ్వొచ్చింది. "నిన్ను పట్టుకుపోడానికి వస్తే నన్నే పొమ్మంటావేం? నేనెవరో తెలుసా?"

"తెలుసు. బావురుపిల్లివి. నీ ముందు నేనెంత?"

"మరి పారిపోవేం?"

"పారిపోతే నేను బతుకుతాను. వీళ్ళో? అటు చూడు" అంది కొర్రమీను.

చుక్కి చూసింది. తుంగ మొదళ్ళలో మూడు జెల్లలు మీసాలాడిస్తూ, నోళ్ళు తెరుచుకుని కాచుకున్నాయి.

"నేనొక్క నిమిషం పక్కకు తప్పుకుంటే అవి వీళ్ళందర్నీ మింగేస్తాయి. వీళ్ళ నాన్నా నేనూ వంతులేసుకుని కాసేవాళ్ళం. నిన్న నీటికుక్క వచ్చి ఆయన్ని పట్టుకుపోయింది. ఆయనా కదల్లేదు. నేనూ కదలను. వీళ్ళ ఎరుపు పోయి నల్లబడ్డాక రా తల్లీ. అప్పటికి వీళ్ళ తిప్పలు వీళ్ళు పడగలరు. నీ పంజా నీది, నా పరుగు నాది. అప్పుడు చూసుకుందాం."

చుక్కి ఎత్తిన పంజా అలాగే ఉంచింది. కళ్ళముందు వేటరాయి మెదిలింది. పస్తుతో ముడుచుకు పడుకున్న తల్లి మెదిలింది. ఈ చేపను పడితే రాయి వస్తుంది. పట్టకపోతే రాదు. అంతే లెక్క. కానీ తను కుంటితల్లి కూతురు. కాలు విరిగిన రోజు అమ్మ ఎందుకు పారిపోలేదో చుక్కికి బాగా తెలుసు. గూట్లో ఉన్న తనను వదల్లేకే నక్కలకు ఎదురు నిలబడింది.

చుక్కి పంజా దించేసింది.

అంతలో బుడుంగుమని నీళ్ళలోంచి ఒక తల లేచింది. అది నీటికుక్క. పేరు బుంగడు.

"ఏం చుక్కీ, చూస్తూ నిలబడ్డావేం? దాన్ని పట్టడం ఎంత తేలికో తెలుసా? కదలదు! మూతి ముందు పంజా పెడితే కరుస్తుంది. అలాగే పైకి లాగెయ్యడమే. నిన్న దాని మొగుణ్ణి అలాగే లాగేశా" అన్నాడు బుంగడు.

"వద్దు బుంగా. పిల్లలున్నాయి."

"ఉంటే? నువ్వు వదిలేస్తే నేను పడతా. నేను వదిలేస్తే ఇంకెవడో పడతాడు. ఆ పట్టేదేదో మనమే పడితే పోలా?"

చూశారా, తప్పు చేసేవాడి నోట్లో ఈ మాట ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది!

చుక్కి వెళ్ళి ఎర్ర పిల్లలకీ బుంగడికీ మధ్య నడుములోతు నీళ్ళలో నిలబడింది. "ఇంకెవడి సంగతో నాకెందుకు? నేనున్నాను. నన్ను దాటి పట్టుకో" అంది.

బుంగడు ఎడమ పక్క నుంచి దూరాడు. చుక్కి అడ్డుకుంది. కుడి పక్క నుంచి దూరాడు. అడ్డుకుంది. మునిగి కిందనుంచి వచ్చాడు. చుక్కి వాడి మెడ పట్టుకుని ఒడ్డుమీదికి విసిరేసింది. పొద్దు పైకెక్కుతోంది. వేటకున్న సమయమంతా కాపలాకే అయిపోతోంది. ఆ సంగతి చుక్కికి తెలుసు. అయినా కదల్లేదు.

టక్ టక్ టక్! పొద్దు నడినెత్తికి వచ్చిందని వడ్రంగిపిట్ట చెట్టు మీద కొట్టింది. పందెం అయిపోయింది.

అందరూ తాబేలు తాత ముందు చేరారు. కొంగ వేలెడంత పరిగెను తెచ్చింది. బుంగడి చేతులు ఖాళీ. చుక్కి చేతులూ ఖాళీ.

"తాతా, అన్యాయం! మూరెడు కొర్రమీనును పట్టేవాణ్ణి. ఈ చుక్కి అడ్డుపడింది!" అని బుంగడు గోల పెట్టాడు.

"అంత పెద్ద చేపా? మరి నిన్ను చూసి పారిపోలేదురా?" అని అడిగాడు తాత.

"పారిపోదు తాతా! పిల్లల దగ్గర ఉన్నన్నాళ్ళూ అది కదలదు. చెట్టు కింద రాలిన కాయలాగే!"

తాత మెడ బయటికి చాచాడు. "పారిపోయేదాన్ని పడితే వేట. రాలిన కాయను తీసుకుంటే ఏరుకోవడం. ఇది వేటగాళ్ళ పందెం. ఏరుకునేవాళ్ళకి ఇక్కడేం పనిరా?" అన్నాడు. అందరూ పకపకా నవ్వారు. బుంగడు తల దించుకున్నాడు.

"ఎర్ర పిల్లలు నల్లబడేదాకా ఆ తుంగ జోలికి ఎవరూ పోకూడదు. ఇది నా తీర్పు. రాయి మాత్రం కొంగది" అన్నాడు తాత.

అవును, రాయి కొంగకే పోయింది. పందెం పందెమే కదా! చుక్కి ఇంటికి వెళ్ళి తల్లి ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది. "రాయి పోయిందమ్మా." జరిగిందంతా విని తల్లి దాని తల నాకింది. "పోతే పోయిందే. నా కూతురు నాకు దక్కింది" అంది.

వానలు పడ్డాయి. ఎర్ర పిల్లలు నల్లబడ్డాయి. ఒకనాడు గుంపు విడి మడుగంతా పరుచుకున్నాయి. చలికాలం పోయి ఎండలు ముదిరాయి. వాగు ఎండింది. నల్లరాయి కాలిన పెనంలా ఉంది. కొంగ దాని మీద ఒంటికాలి మీద నిలబడి నిలబడి, విసుగొచ్చి ఎగిరిపోయింది. మడుగు కుంచించుకుపోయి బురదగుంట అయింది. పరిగెలు చచ్చాయి. జెల్లలు చచ్చాయి.

కానీ కొర్రమీనుకి బురదైతే ఏం? అది పైకొచ్చి గాలి పీల్చి బతుకుతుంది. ఆ గుంట నిండా నల్లటి వీపులే! ఒక్కొక్కటి జానెడు పొడుగు, ఎగిరి దూకుతున్నాయి.

చుక్కి తల్లి కుంటుకుంటూ వచ్చింది. మూడు కాళ్ళతోనే గుంటలోకి దూకి, మొదటి చేపను తనే పట్టింది. దాన్ని నోట కరుచుకుని తలెత్తి నిలబడితే అడవంతా కేకలు వేసింది. అయ్యో, ఆ పిల్లల్నే తిన్నారా అని ముఖం అలా పెట్టకండర్రా. పిల్లి చేపను తింటుంది. కొర్రమీను జెల్లపిల్లల్ని తింటుంది. కడుపు ఎవరికైనా కడుపే. పట్టేముందు వాటికీ పారిపోగలిగే వేళ రావాలి, అంతే.

బుంగడు ఒడ్డున తచ్చాడుతూ, "నేనూ దిగనా?" అన్నాడు నెమ్మదిగా.

"దిగు. ఇప్పుడవి పరుగెడతాయి. చేతనైతే పట్టుకో" అంది చుక్కి.

పాపం, మూడుసార్లు దూకి మూడుసార్లూ బురదే కరిచాడు. నాలుగోసారి ఒకటి దొరికితే అందరికంటే గట్టిగా తనే చప్పట్లు కొట్టుకున్నాడు. ఆ వేసవిలో ఆ మడుగు ఒడ్డున ఒక్క పూట కూడా ఎవరూ పస్తు పడుకోలేదు.

ఒక సాయంత్రం గుంట నడుమ మూరెడు వీపు ఒకటి తేలింది. చుక్కి పంజా ఎత్తి, "ఏం పెద్దమ్మా, ఈసారైనా పారిపోతావా?" అని అడిగింది.

"పట్టుకో చూద్దాం!" అంది కొర్రమీను. తోకతో ఫెడీమని ఒక్కటి కొట్టి, చుక్కి ముఖం నిండా బురద చిమ్మి, చిక్కకుండా దూసుకుపోయింది.

నీతి: పిల్లల్ని కాచే చేపను వదిలిపెట్టినవాడే ఏడాదంతా చేప తింటాడు.