దొరగారి తుంపర స్నానం

వెనకటికి ఒక ఊరి దొర అప్పలభూపతికి, నెత్తిన జల్లు పడే స్నానాలగది మీద మనసైంది. కుమ్మరి చిల్లుల బానలు రెండు చేసి తెచ్చాడు. ఒకదాన్నుంచి నీళ్ళు జడివానలా పడతాయి, ఇంకోదాన్నుంచి సన్నటి తుంపరలా రాలతాయి.

“మాకు జడివానే కావాలి. దానికి బోలెడు నీళ్ళు పడతాయి, ఊరి కాలవని ఇటు మళ్ళించండి,” అన్నాడు దొర.

“మరి ఊరికో బాబూ?” అన్నాడు దివాణంలో నీళ్ళు మోసే సన్నాసి.

“గట్టుకి చిన్న సందు వదలండి. తుంపరలా కారినా ఊరంతటికీ చాలు. కాస్త ఓపిక పట్టాలిరా!”

సన్నాసి బుద్ధిగా తలూపి, మిద్దెమీద బాన బిగించాడు.

మర్నాడు దొర తలనిండా కుంకుడు రసం రుద్దుకుని, “ఊఁ, వదలరా!” అన్నాడు. నెత్తిన నాలుగు చినుకులు రాలాయి. నురగ కళ్ళలోకి జారింది.

“చచ్చాన్రోయ్! జడివాన ఏదిరా?”

“ఇది తుంపర బాన బాబూ. ఊరంతటికీ చాలేది తమ ఒక్క తలకి చాలదా? కాస్త ఓపిక పట్టండి.”

“కాలవ ఊరిదేరా! ఊరిదే! నీళ్ళు పొయ్యి!”

“సరిగా వినబళ్ళేదు బాబూ.”

దొర వీధి వీధికీ వినబడేలా అరిచాడు. అప్పుడు కుమ్మరించాడు సన్నాసి, కడివెడు నీళ్ళు ఒక్కసారిగా.

“ఇంతకీ ఏ బాన ఉంచమంటారు బాబూ?”

దొర కళ్ళు నులుముకుంటూ చెయ్యి చాపాడు.

“రెండూ తీసెయ్. నా చేతికి చెంబియ్యి.”