రేవు బండల దరువు

శత్రువులు కొండమీది నగారా బురుజును తగలబెట్టినా కోటకు దాడి కబురు ఆగలేదు. నగారా కొట్టే ఓబన్న, చాకిరేవు బండలమీద అదే దరువుతో బట్టలు బాదించి కబురు పంపాడు. రాజు అతణ్ణి మెచ్చుకోగానే సేనను నడిపే దళవాయి సింగప్పకు కడుపు మండింది.

"ప్రభూ, వీడు ద్రోహి. వారానికోనాడు నగారా ఆపి, చాకలివాళ్ళకు ఆ దరువు నేర్పేవాడు. దాడి సంగతి ముందే తెలియకపోతే ఎందుకు నేర్పుతాడు? వీడి తల తీయించాలి" అన్నాడు.

"ఏమంటావు ఓబన్నా?" అని అడిగాడు రాజు.

"నేర్పిన మాట నిజమే దొరా. దళవాయిగారు రోజూ డాలు పట్టుకునే తిరుగుతారు గదా. ఫలానా రోజు దాడికి వస్తానని వారికి ఏ శత్రువు కబురు పంపాడో, ముందు అది అడగండి."

సింగప్ప డాలును మెల్లగా వెనక్కి జరుపుకున్నాడు.

"ఓర్వలేని కంటికి ముందుచూపు కూడా ద్రోహమే" అన్నాడు రాజు. "దళవాయీ, రేపు నువ్వూ రేవుకు వెళ్ళి దరువు నేర్చుకో. నీ బట్టలు నువ్వే తీసుకెళ్ళు."