మెట్టసీమ విడిపోవాలా?

విరూపాక్షయ్యకు నిద్ర కరువైంది. మెట్టసీమ విడిపోయి సొంత రాష్ట్రం కావాలా వద్దా అని తేల్చడానికి ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. కమిటీలంటే తెలిసిందేగా. మిగతా సభ్యులు దండలు వేయించుకుని, టీలు తాగి, ఎవరిళ్ళకు వాళ్ళు పోయారు. రాతపని మొత్తం ఈయన నెత్తిన పడింది. సోమవారం నివేదిక ఇవ్వాలి. మీరేం రాస్తే అదే జరుగుతుందని పైనుంచి మాట కూడా వచ్చింది.

ఆయన పుట్టింది మెట్టసీమలో, ఉద్యోగం చేసింది కలిసుండాలనే పల్లపు జిల్లాల్లో. ఈయనైతే ఇద్దరికీ న్యాయం చేస్తాడని ఏరికోరి వేశారు. తీరా చూస్తే సొంతూళ్ళో అన్న పలకరించడమే మానేశాడు. "సర్కారు మనిషివి గదా, మాతో నీకేం పని" అన్నాడు. పల్లపు జిల్లాల్లో పాత స్నేహితులు ఈయన గుమ్మంలోకి రాగానే మాట మార్చేసేవాళ్ళు. విచారణకు తిరిగిన ఏడాది పొడుగునా ట్రావెలర్స్ బంగళాల్లో ఒక్కడే తిన్నాడు, ఒక్కడే పడుకున్నాడు. రెంటికీ చెడ్డవాడయ్యాడు పాపం.

ఏమీ తోచక, చిన్నప్పుడు తనను పెంచి చదువు చెప్పిన మఠానికి వెళ్ళాడు.

గురుపాదస్వామి బాగా ముసలివాడయ్యాడు. దండం పెట్టిన శిష్యుణ్ణి ఎగాదిగా చూసి, "చిక్కిపోయావేం నాయనా?" అన్నాడు.

"స్వామీ, నీళ్ళ లెక్క చూశాను, పన్నుల లెక్క చూశాను, కొలువుల లెక్క చూశాను. విడిపొమ్మనడానికి ఎన్ని కారణాలున్నాయో, కలిసుండమనడానికీ అన్నే ఉన్నాయి. మీరొక మాట చెప్పండి. అదే రాసేస్తాను."

"నేనే చెప్పేటట్టయితే నీ జీతం కూడా నాకే ఇమ్మను" అని స్వామి నవ్వాడు. "పోతామన్నవాళ్ళు ఏమన్నారు?" అని అడిగాడు.

"మా నీళ్ళు మాకు, మా కొలువులు మాకు అన్నారు. మా యాస వింటే నవ్వుతారని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు కొందరు."

"వద్దన్నవాళ్ళు?"

"గనులు పోతాయన్నారు. ఆయకట్టు ఎండిపోతుందన్నారు. రాజధానిలో మేం పెట్టిందంతా ఏం గాను అన్నారు."

"ఊఁ" అన్నాడు స్వామి.

ఇంకేదో చెబుతాడని విరూపాక్షయ్య ఎదురుచూశాడు. ఇంతలో మధ్యాహ్న భోజనం గంట మోగింది. "లే, నాకు ఆకలేస్తోంది" అంటూ స్వామి లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ మఠంలో వచ్చిపోయేవాళ్ళకు వసారాలో వడ్డిస్తారు. మఠం వాళ్ళు లోపలి చావడిలో తింటారు. విరూపాక్షయ్య వెళ్ళి వసారాలో, ఊరూ పేరూ తెలియని వాళ్ళ పక్కన కూర్చున్నాడు. వంట చేసే సాంబయ్య గరిటెతో వచ్చి చూసి నిలబడిపోయాడు.

"ఇక్కడ కూర్చున్నావేమయ్యా?"

"పర్వాలేదు సాంబయ్యా. నేనిప్పుడు మఠం మనిషిని కాదుగా. ఇక్కడే తింటాలే."

"అక్కడ నీ విస్తరి వేసి ఉంటే ఇక్కడ తినడమేంటి" అని సాంబయ్య చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయాడు.

చావడిలో అందరూ బంతిలో కూర్చుని ఉన్నారు. ఇద్దరు శిష్యుల మధ్య ఒక చోటు ఖాళీగా ఉంది. అక్కడ నీళ్ళు చల్లిన మోదుగాకు విస్తరి ఒకటి వేసి ఉంది. మఠంలో పెరిగినవాళ్ళు దూరం వెళితే, తిరిగొచ్చేదాకా వాళ్ళ చోట అలా విస్తరి వేస్తారు. చివర్న దానిలో పెట్టిన ముద్ద ఆవుకు పెడతారు. కాశీకి పోయినవాళ్ళకే అనుకున్నాడు విరూపాక్షయ్య. ఉద్యోగానికి పోయి మళ్ళీ మొహం చూపించని తనకు కూడా వేస్తారని కలలో కూడా అనుకోలేదు.

"నేను వస్తానని ఎవరైనా చెప్పారా స్వామీ?"

"ఎవరూ చెప్పలేదే."

"మరి ఈ విస్తరి?"

"రోజూ వేస్తాం" అన్నాడు స్వామి.

విరూపాక్షయ్య కూర్చున్నాడు. ఏడాదిగా ఎక్కడా రాని ఏడుపు అప్పుడొచ్చింది. తల వంచుకుని అందరి ముందే ఏడ్చాడు. పక్కవాళ్ళు చూడనట్టే అన్నం కలుపుకున్నారు.

పప్పు వడ్డించాక స్వామి అడిగాడు. "నాయనా, గనులు పోతాయన్నారు, నీళ్ళు పోతాయన్నారు. ఆ మనుషులు లేకపోతే మాకు వెలితిగా ఉంటుందని ఎవరన్నా అన్నారా?"

తిరిగిన ఊళ్ళన్నీ, విన్న మాటలన్నీ విరూపాక్షయ్య గుర్తు చేసుకున్నాడు.

"ఒక్కరూ అనలేదు స్వామీ."

స్వామి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

"నేనూ అడగలేదు" అన్నాడు విరూపాక్షయ్య, మరీ చిన్న గొంతుతో. "ఇప్పుడెక్కడ అడగను? సోమవారం ఇచ్చెయ్యాలి."

"ఇచ్చెయ్యి. వాళ్ళు వెళ్ళిపోతే బంతిలో చోటు ఖాళీ అవుతుందో లేదో తెలుసుకోకుండానే ఇచ్చెయ్యి."

విరూపాక్షయ్య పెట్టినదంతా తిన్నాడు. చేతులు కడుక్కుని వచ్చి, పల్లపు జిల్లాలకు పోయే బస్సు ఎప్పుడుందని సాంబయ్యను అడిగాడు.