కిత్తనార ‘చాలు’ అన్న రోజు

ఒకప్పుడు కిత్తనార మొక్క ఆకులు ఇప్పట్లా ఒకదాన్నొకటి హత్తుకుని నిలబడేవి కావు. నున్నగా, మెత్తగా నాలుగు పక్కలా పరుచుకుని పడుకునేవి. అంచుల్లో ముళ్లు మాత్రం అప్పుడూ ఉండేవి. లేకపోతే మేకలు ఊరుకుంటాయా?

ఆ రోజుల్లో ఒక రాళ్లగుట్ట మీద, బండ చీలికలో, ఒక పొట్టి కిత్తనార ఉండేది. దోసిట్లో పట్టేంత పొట్టిది. వాన ఎప్పుడో వచ్చేది. వచ్చినప్పుడు ఇది నాలుగు గుక్కలు తాగేది, మిగతా నీళ్లు బండ మీంచి జారిపోయేవి. హాయిగా బతికేది.

దానికి ఒకటే లోపం. మొహమాటం జాస్తి. ఎవరేమిచ్చినా వద్దనలేదు. గుట్ట మీద ఇచ్చేవాళ్లే లేరు కాబట్టి ఆ లోపం వల్ల ఏ చిక్కూ రాలేదు.

గుట్ట కింద ఊళ్లో ఓబుళమ్మ ఉండేది. ఆమె ఇంటికి వెళ్లినవాడు తినకుండా తిరిగొచ్చింది లేదు. తిన్నవాడు వెంటనే లేచి నడవగలిగిందీ లేదు. అంత పెట్టేది. ఒకరోజు కట్టెల కోసం గుట్టెక్కి ఈ చిన్నదాన్ని చూసింది. ఆమె కడుపు తరుక్కుపోయింది.

“అయ్యో నా తల్లీ! మన్ను ల్యాదు, నీల్లు ల్యావు. ఈ బండల్లో ఏం తిని బతుకుతాండావే? పా, మనింటికి పోదాం.”

“నేను బాగానే ఉన్నానమ్మా” అనబోయింది కిత్తనార. మొహమాటం అడ్డొచ్చింది.

ఓబుళమ్మ కొత్త కుండ తెచ్చింది. దాన్నిండా నల్లరేగడి మన్ను నింపి, కిత్తనారని నాటి, అరుగు మీద పెట్టింది. కుండ ఒకటే మిడిసిపడింది.

“నన్నెవరనుకున్నావ్? నాలో పోసిన నీళ్లు ఒక్క చుక్క కూడా బయటికి పోవు!”

ఇక మొదలైంది మర్యాద. పొద్దున ఒక చెంబు. మధ్యాహ్నం ఒక చెంబు. అది నీళ్లకి కటకటలాడే సీమ. అక్కడ నీళ్లు పారబోస్తే పాపం. అందుకని వచ్చినవాళ్లంతా కాళ్లు కడుక్కుని, గొంతు తడుపుకుని, చెంబులో మిగిలింది కిత్తనారకి పోసేవాళ్లు. ఓబుళమ్మ పక్కనే నిలబడి, “ఇంగ రవ్వంత తాగు, తల్లీ” అని కొసరి కొసరి పోసేది.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఓబుళమ్మ దగ్గర ఆ సామెత తిరగబడింది. వద్దనందే ఆమె ఆపదు. కిత్తనారకేమో వద్దనడం రాదు.

కొన్నాళ్లకి ఆకులు పసుపుపచ్చగా తిరిగి, మెత్తబడి వాలిపోయాయి. వాలిందంటే దాహమేసిందనుకుంది ఓబుళమ్మ. ఇంకో చెంబు పోసింది.

అరుగు మీద కూర్చున్న ఆమె మొగుడు సుంకన్న నవ్వాడు. “ఏమ్మే, అది చెట్టా, చేపా? ఈత నేర్పిస్తాండావా?”

“నువ్వు నోరు మూసుకో అయ్యా. బిడ్డ బక్కచిక్కిపోతాంటే నవ్వులాటగుందా నీకు?”

మర్నాడు ఓబుళమ్మ ఒక ఆకుని నిమిరితే అది చేతికే ఊడొచ్చింది. ఆకు మొదలు దగ్గర కుళ్లు వాసన. ఆమెకి ఏడుపు ఆగలేదు.

“ఎవుర్దో కన్ను తగిలింది! వచ్చినోల్లంతా దీన్నే సూస్తిరి కదా!”

కన్ను తగిలిన మొక్కకి ఆ ఊళ్లో ఒకటే మందు. గుమ్మానికి తలకిందులుగా వేలాడదీయడం. ఓబుళమ్మ కిత్తనారని కుండలోంచి పెరికింది. కుళ్లిన వేళ్లు తీసేసింది. తాడు కట్టి గుమ్మానికి వేలాడదీసింది.

తాగిన నీళ్లన్నీ టపటపా కారిపోయాయి. గాలి వచ్చి వేళ్లు తుడిచింది. సూర్యుడు దగ్గరికొచ్చి చూశాడు.

“నీకు తగిలింది కన్ను కాదే, పిచ్చిదానా, చెంబు. నేను ఆరబెడతాలే. కానీ ఆమె మళ్లీ నాటుతుంది, మళ్లీ పోస్తుంది. ఈసారి నీ ప్రాణం నా చేతుల్లో ఉండదు. వద్దని చెప్పు.”

“అంత ప్రేమగా పోస్తుంటే ఎలా చెప్పను?”

“అది నువ్వే నేర్చుకోవాలి” అని సూర్యుడు తన పని తాను చేసుకున్నాడు.

ఆ మధ్యాహ్నం ఓబుళమ్మ తమ్ముడు కుళ్లాయప్ప చుట్టపుచూపుగా వచ్చాడు. గుమ్మానికి వేలాడుతూ కిత్తనార అంతా చూసింది. ఓబుళమ్మ సంగటి ముద్ద మీద ముద్ద వేసింది. ఇంకో ముద్ద తెచ్చేసరికి కుళ్లాయప్ప ముందుకు వంగి, రెండు చేతులూ విస్తరికి అడ్డం పెట్టేశాడు.

“సాలక్కా! కడుపు నిండింది!”

“నిండిందా, నాయనా? అట్లయితే సరే” అని ఓబుళమ్మ నవ్వుతూ వెనక్కి తిరిగింది. కోపం లేదు, అలక లేదు. కిత్తనార ఆశ్చర్యపోయింది. ఇంత సులువా!

వేళ్లు బాగా ఆరి, ఒళ్లు గట్టిపడ్డాక కిత్తనారని కిందికి దించారు. “గుట్ట మింద ఎట్లుండెనో అట్లే పెడదాం” అని సుంకన్న గులకరాళ్ల గరుసూ ఇసకా ఏరుకొచ్చాడు. మేకు తీసుకుని కుండ అడుగున బొక్క కొట్టబోయాడు.

“బొక్కపడితే నన్నెవరు కుండంటారు?” అని కుండ లబలబలాడింది.

“కుండ అనకపోతే కుండీ అంటాంలే” అని టకటకా కొట్టేశాడు.

నాటీ నాటగానే ఓబుళమ్మ నిండు చెంబుతో వచ్చింది. చచ్చిపోతే ఇప్పుడే, బతికితే ఇప్పుడే. కిత్తనార పరుచుకున్న ఆకులన్నీ పైకి లేపి, ఒకదాని మీద ఒకటి నడి మొవ్వుకి అడ్డం పెట్టింది.

“ఇంగ రవ్వంత, తల్లీ.”

కిత్తనార ఇంకా బిగించింది. ఒక ఆకు ముళ్లు పక్క ఆకు వీపులో దిగబడ్డాయి. నొప్పి పుట్టింది. అయినా వదల్లేదు.

ఓబుళమ్మ చెంబు వంచబోయి ఆగిపోయింది. విస్తరికి అడ్డం పెట్టిన చేతులు ఆమెకి తెలియనివా?

“సాలంటాండావా, తల్లీ?”

ఆమె అక్కడే కూలబడింది. “కన్నూ ల్యాదు, గిన్నూ ల్యాదు. నేనే కదే నిన్ను ముంచితి! ఇంత గట్టిగా అంటే గానీ నాకు ఇనపడలేదే!” అని కళ్లు తుడుచుకుంది. చెంబెత్తి ఆ నీళ్లు తనే గటగటా తాగేసింది. ఆ తర్వాత కుండీలో మన్ను అడుగుదాకా ఎండితే తప్ప ఆమె చెంబు వంచలేదు. కిత్తనార కూడా కుండీలో ఒద్దికగా, పొట్టిగా, రాయిలా గట్టిగా బతికింది.

అప్పటినుంచే కిత్తనార ఆకులు నడి మొవ్వులో ఒకదాన్నొకటి బిగించి పట్టుకుని పుడతాయి. విచ్చుకున్న ప్రతి ఆకు మీదా పక్క ఆకు ముళ్ల అచ్చు వరసగా కనిపిస్తుంది, ఎన్నాళ్లయినా చెరగదు. వేలితో తడిమి చూడండి. చూశాక కూడా చెంబు వంచారంటే, ఆ పాపం మీదే.