చెదలు పట్టిన ఇల్లు

కొత్త వాడ కట్టించిన దొర, పాత ఇల్లు అప్పగించి కొత్తది తీసుకోమని ఊరికి హుకుం జారీ చేశాడు. పెద్దల ఎదుట కుమ్మరి గవరమ్మ ఇంటి టేకు దూలాలను కర్రతో తట్టాడు.

“అన్నీ చెదలే! ఈ కొంప చిల్లిగవ్వ చెయ్యదు. కొత్తింటికి బదులు బతికినన్నాళ్లూ వెట్టి చెయ్యి.”

దొరల తక్కెడలో పేదల సొమ్మెప్పుడూ తేలికే! గవరమ్మ కుండలు కాల్చే ఆవంలోంచి మండే కొరివి లాగి ఇంటి చూరుకు ఎత్తింది.

“ఏందే ఆ పని?” అరిచాడు దొర.

“చెదపట్టిన కర్రను తగలెయ్యాలన్నది ఊరి కట్టుబాటే గదా, దొరా! కొత్త వాడకు పాకితే ఎట్లా?”

మంట చూరుగడ్డిని తాకబోయింది.

“ఆపవే! ఇనుములాంటి టేకది! నూరేళ్లయినా చెక్కుచెదరదు!”

గవరమ్మ కొరివి దించి పెద్దలవైపు తిరిగింది.

“విన్నారుగా, అయ్యా! నూరేళ్లు నిలిచే ఇల్లిచ్చి కొత్తిల్లు తీసుకుంటున్నా. ఇంక వెట్టి దేనికి?”

పెద్దలు తలలూపారు. దొరకు కొత్తింటి తాళంచెవి ఇవ్వక తప్పలేదు.