అంతా బాగుంది సామీ

కూలిన మిద్దె మట్టిని బయట ఇంకా ఎత్తిపోస్తూనే ఉన్నారు. ఒంటి మీద ఆ దుమ్ముతోనే దస్తగిరి గురువు గదిలోకి వచ్చి నిలబడ్డాడు.

"బాబా, ఈ పని ఇంకెవరికైనా అప్పగించండి. లేదంటే నాకు నమ్మకమైన మనుషుల్నివ్వండి."

నూరుల్లా షా కిటికీ దగ్గర కూర్చుని చిరిగిన దుప్పటి కుట్టుకుంటున్నాడు. గుట్ట మీది ఆ దర్గాకు ఆయనే పెద్ద. నడిచి వచ్చే యాత్రికులకు తలదాచుకునే చోటు లేదని ఒక సత్రం కట్టించాలనుకున్నాడు. శిష్యులందరిలో చురుకైనవాడని ఆ బాధ్యత దస్తగిరికి ఇచ్చాడు.

"ఏం జరిగింది?" అన్నాడు సూది ఆపకుండా.

"సత్రం నడిమి దూలం పగిలింది. పగిలి చాలా రోజులైందట. దాని కిందనుంచే అందరూ తిరిగారు. అందరికీ కనిపించింది. ఒక్కరూ నాకు చెప్పలేదు. ఇవాళ మిద్దె కూలి, మట్టి గంపలు మోసే తిమ్మక్క కాలు విరిగింది."

"నువ్వు అడగలేదా?"

"రోజూ అడిగాను బాబా. అంతా బాగుంది సామీ అన్నారు."

షా దారం కొరికి సూదిని దుప్పటి అంచుకు గుచ్చాడు.

నిజానికి దస్తగిరి కష్టానికి వెనుదీసే మనిషి కాదు. తెల్లవారకముందే పని దగ్గర ఉండేవాడు. ఏ రాయి ఎక్కడ పెట్టాలో, నీళ్ళు ఎన్ని పోయాలో అన్నీ తానే చెప్పేవాడు. తనను అడగకుండా ఎవరూ గంప కూడా జరపకూడదు. పని మొదలైన కొత్తలో మేస్త్రి ఓబులేసు, సున్నం ఇంకా నానాలేమో అన్నాడు. "నాకే నేర్పుతున్నావా?" అన్నాడు దస్తగిరి, కూలీలందరూ వింటుండగా. ఓబులేసు తల వంచుకుని తాపీ అందుకున్నాడు. ఆ తర్వాత అక్కడ మాటలు తగ్గిపోయాయి. దస్తగిరికి అది ముచ్చటగానే ఉండేది. తన కింద పని ఎంత పద్ధతిగా నడుస్తోందో అనుకునేవాడు.

"తిమ్మక్కను చూసొద్దాం పద," అంటూ షా లేచాడు.

తిమ్మక్క ఊరు గుట్టకు అవతల ఉంది. మధ్యలో వంక దాటాలి. షా ముందు నడిచాడు. వయసు మీదపడినా ఆయన చూపు తగ్గలేదు. దస్తగిరి వెనకే నడుస్తూ, గురువు ఇంకేమైనా అడుగుతాడేమోనని ఎదురుచూశాడు.

దిగుడులో ఒక రాయి ఊగుతున్నట్టు కనిపించింది.

"బాబా, ఆ రాయి కదులుతోంది. పక్కనుంచి..."

"నాకు కళ్ళు లేవా?" అన్నాడు షా.

ఆయన గొంతులో ఆ కరుకుదనం దస్తగిరి ఎన్నడూ వినలేదు. నోరు మూసుకున్నాడు. షా ఆ రాయి మీదే అడుగు వేసి, తూలి, ఎలాగో నిలదొక్కుకున్నాడు.

కొంచెం దూరం పోయాక దారికి అడ్డంగా తుమ్మకంప పడి ఉంది. దస్తగిరి కాసేపు తటపటాయించి, "బాబా, ముళ్ళు..." అన్నాడు.

షా వెనక్కి తిరిగాడు. "నువ్వు పుట్టకముందునుంచి ఈ దారిలో నడుస్తున్నాను. నీ పని వెనక నడవడం. నడువు."

దస్తగిరి ముఖం చిన్నబోయింది. తను చెప్పినదాంట్లో తప్పేముందో అర్థం కాలేదు. ఇక తల వంచుకుని నడిచాడు.

వంకలో నీళ్ళు పలచగా పారుతున్నాయి. దాటడానికి వేసిన బండల్లో ఒకదాని మీద నాచు పచ్చగా మెరుస్తోంది. దస్తగిరికి అది ఇవతలి గట్టు మీదినుంచే కనిపించింది. పెదవుల దాకా మాట వచ్చింది. మింగేశాడు.

షా నాచు మీద కాలు పెట్టాడు. జారి, పక్కకు ఒరిగి, నీళ్ళలో పడ్డాడు.

దస్తగిరి పరిగెత్తి వెళ్ళి లేవదీశాడు. ముసలాయన అరచెయ్యి చీరుకుపోయింది. రక్తం మణికట్టు మీదుగా కారుతోంది. దస్తగిరి తన తలగుడ్డ చించి కట్టు కట్టాడు. షా గొంతులో ఇప్పుడు కోపం లేదు.

"నాచు చూశావా?"

"చూశాను బాబా."

"చెప్పలేదే?"

"చెబితే మీరు మళ్ళీ..."

అంతటితో దస్తగిరి మాట ఆగిపోయింది. గురువు ముఖంలోకి చూశాడు. షా తడిసిన అంగీ అంచు పిండుకుని అవతలి గట్టు వైపు నడక సాగించాడు.

తిమ్మక్క గుడిసెలో చాప మీద పడుకుని ఉంది. కాలికి వెదురు బద్దలు పెట్టి గట్టిగా కట్టారు. వచ్చినవాళ్ళను చూసి లేవబోయింది. షా వద్దని చెయ్యి ఊపి, గుమ్మం దగ్గరే గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"నొప్పి ఎట్లా ఉంది తిమ్మక్కా?" అన్నాడు దస్తగిరి.

"బాగానే ఉంది సామీ. ఏం లేదు. రెండు దినాలు పోతే పనిలోకి వచ్చేస్తా."

ఆమె పెదవులు ఎండిపోయి ఉన్నాయి. కట్టు కింద పాదం ఉబ్బి నల్లబడింది. దస్తగిరి ఆ పాదం వంక చాలాసేపు చూశాడు. తర్వాత నేల మీద, ఆమె పక్కనే కూర్చున్నాడు.

"నిజం చెప్పు తల్లీ. నేనేమీ అనను."

తిమ్మక్క మొదట గుమ్మం వైపు చూసింది. తర్వాత అతని వైపు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"కట్టు బిగుసుకుపోయింది సామీ. పానం పోతాంది. కాలుందో లేదో కూడా తెలీడం లేదు. ఇన్ని ఖర్చులు పెట్టించి మళ్ళీ వైద్యుణ్ణి పిలవమంటే ఏమనుకుంటారో అని గమ్మున ఉండా."

దస్తగిరి లేచి తానే వైద్యుడి ఇంటికి పరిగెత్తాడు. వైద్యుడు వచ్చి కట్టు విప్పి, కాలు తడిమి చూసి, ఇంకాస్త ఆలస్యమైతే పాదం దక్కేది కాదన్నాడు. వదులుగా మళ్ళీ కట్టాడు. తిమ్మక్క కళ్ళు మూసుకుని పొడుగ్గా ఊపిరి వదిలింది.

మరునాడు దస్తగిరి పని దగ్గరికి వెళ్ళాడు. ఓబులేసు ఒక్కడే గోడ పక్కన సున్నం కలుపుతున్నాడు.

"పని ఎట్లా ఉంది ఓబులేసూ?"

"అంతా బాగుంది సామీ."

దస్తగిరి వెళ్ళిపోలేదు. అక్కడే ఒక రాయి మీద కూర్చున్నాడు. ఓబులేసు సున్నం కలుపుతూ ఓరకంట చూశాడు. చాలాసేపటికి గొంతు సవరించుకున్నాడు.

"ఒక మాట సామీ. కోపం రాకపోతే."

"చెప్పు."

"ఆ వంటగది. మీరు గీసిచ్చిన చోటే లేపినాం. గాలి అటునుంచే కొడుతుంది. పొగంతా పండుకునే సాలలోకే పోతాది. గోడ ఇంకా నడుము దాకే లేచింది. ఇప్పుడైతే మార్చుకోవచ్చు."

వంటగది దస్తగిరి ఎంతో ఇష్టంగా గీసుకున్నది. దాని గురించి వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు. అతని చెవులు వేడెక్కాయి. జవాబు నాలుక మీదికి వచ్చేసింది. ఓబులేసు అది ముందే పసిగట్టినట్టు తల కిందికి వంచుకున్నాడు.

దస్తగిరి ఆ జవాబు మింగి గోడ వంక చూశాడు.

"ఇంకా?" అన్నాడు.

ఓబులేసు తలెత్తి అతని ముఖంలోకి చూశాడు. తాపీ పక్కన పెట్టి, చేతులు పంచెకు తుడుచుకుని, ఎదురుగా వచ్చి గొంతుక్కూర్చున్నాడు.

"చానా ఉండాయి సామీ."