ఏనుగు దొర పంక్తి, పుల్లావు నెమరు

ఒకప్పుడు ఆవులు కూడా మనలాగే తినేవి. ఒక ముద్ద నోట్లో పెట్టుకోవడం, నిదానంగా నమలడం, మింగడం. ఆ తర్వాతే రెండో ముద్ద.

ఆ రోజుల్లో అడవిలో గడ్డి తినేవాళ్ళందరికీ ఒకటే పంక్తి. టేకాకులు వేసి పచ్చగడ్డి, చిగుళ్ళు వడ్డించేవారు. పంక్తి మొదట్లో ఏనుగు దొర కూర్చునేవాడు. ఆయన ముట్టుకున్నాకే అందరూ ముట్టుకోవాలి. ఆయన లేస్తే అందరూ లేవాలి. అదీ మర్యాద!

ఆ మర్యాద అందరికీ ఉంది, ఒక్క దొరకే లేదు. తొండంతో ఆకు మొత్తం ఒక్క ఊడ్పు ఊడ్చి, నోట్లో కుక్కుకుని, కొండ అదిరేలా త్రేన్చి, లేచిపోయేవాడు. పక్కవాళ్ళు తిన్నారో లేదో చూడ్డానికి మెడ కూడా తిప్పేవాడు కాదు.

"దొరవారు లేచారు! లేవండి, లేవండి!" అని దొర వెంట తిరిగే నక్క అరిచేది. దానికేం, అది గడ్డి తినదుగా!

పుల్లావు రోజూ రెండో ముద్ద నోట్లో ఉండగానే లేవాల్సి వచ్చేది. తల్లికి తిండి లేకపోతే పిల్లకి పాలెక్కడివి? దాని దూడ సీతాలు పొదుగు ఎంత కుమ్మినా పాలు రాలేదు. డొక్కలు లోపలికి పోయాయి. నిలబడితే కాళ్ళు వణికాయి.

ఒకరోజు దొర త్రేన్చి లేచాడు. సీతాలు జాలిగా అడిగింది.

"అర్జెంటా తాతా?"

దొర గిరుక్కున వెనక్కి తిరిగాడు.

"ఏమన్నావ్?" అన్నాడు దొర.

"రోజూ మధ్యలోనే లేచి పరిగెడుతున్నారుగా, పాపం. మా అమ్మ చెప్పింది, తినేముందే వెళ్ళొచ్చెయ్యాలని. మీ అమ్మ చెప్పలేదా తాతా?"

దున్నపోతు మొహం ఆకులో దాచుకుంది. మేకకి నవ్వాపుకోలేక పొలమారింది. జింకలైతే పొదల్లోకి పారిపోయి మరీ నవ్వాయి.

దొర చెవులు చేటల్లా విప్పాడు. "రేపటినుంచి నేను లేచాక ఆకు ముందు ఎవరు కనిపించినా సరే, అడవి బయటే వాళ్ళ కాపురం!"

"ఆహా, ఎంత న్యాయం!" అంది నక్క.

ఆ సాయంత్రం పుల్లావు కన్నీళ్ళు పెట్టుకుంది. "ఎందుకడిగావే తల్లీ? ఇక ఒక్క ముద్ద కూడా దక్కదు."

సీతాలుకి ఏడుపెందుకో అర్థం కాలేదు. "తాత లేవమన్నాడు గానీ నమలొద్దనలేదుగా అమ్మా? అక్కడ గబగబా మింగెయ్. ఇంటికొచ్చి నమలచ్చు."

"మింగింది మళ్ళీ నోట్లోకి ఎలా వస్తుందే, పిచ్చిదానా?"

"పిలువు. నువ్వు పిలిస్తే నేను రానూ? అదీ వస్తుంది."

మర్నాడు పుల్లావు నమలకుండా గుటుక్కు గుటుక్కున మింగేసింది. దొర లేవగానే అందరికంటే ముందు తనే లేచింది. ఇంటికొచ్చి, నీడలో కాళ్ళు ముడుచుకుని పడుకుని, కళ్ళు సగం మూసి, కడుపులోకి మెల్లగా పిలిచింది.

"రావే, నా ముద్దా..."

గొంతులో ఏదో గుడగుడమంది. నిజంగానే ముద్ద పైకొచ్చింది! తీరిగ్గా నమిలి మింగింది. ఇంకోటి పిలిచింది. అదీ వచ్చింది. పొదుగు నిండింది. సీతాలు మూతి చుట్టూ నురగ అంటేలా తాగి, చెంగుచెంగున గెంతింది.

ఈ విద్య గేదెకి, మేకకి, జింకకి చేరింది. ఒక మధ్యాహ్నం అటుగా వచ్చిన ఏనుగు దొర చూస్తే, ఎక్కడివాళ్ళక్కడ పడుకుని నములుతున్నారు.

"ఎవరినడిగి తింటున్నారు మీరు?"

"పొద్దున మీ పంక్తిలో తిన్నదే తాతా," అంది సీతాలు. "మీరు లేచారని మేమూ లేచాం. భోజనమే ఇంకా లేవలేదు."

దొరకి ఒళ్ళు మండింది. తనూ కళ్ళు మూసుకుని కడుపులోకి పిలిచాడు. త్రేన్పు వచ్చింది. మళ్ళీ పిలిచాడు. ఇంకా పెద్ద త్రేన్పు! చెట్టు మీది కాకులన్నీ లేచిపోయాయి.

"లేవండి! దొర నిలబడి ఉంటే పడుకుంటారా?" అని గింజుకుంది నక్క.

పుల్లావు కళ్ళైనా పూర్తిగా తెరవలేదు. "మేం భోజనం మధ్యలో ఉన్నాం నాయనా," అని నములుతూనే ఉంది.

అప్పటినుంచే ఆవులు గబగబా మేసి, తర్వాత నీడ చూసుకుని తీరిగ్గా నెమరు వేస్తాయి. అప్పటినుంచే నెమరేసే ఆవు నడిరోడ్డు మీద ఉన్నా సరే, ఎంత పెద్దమనిషి కారొచ్చి ఎంత హారను కొట్టినా, లేవదు.